బాపు పక్కన పెట్టే సగం చుట్ట

పోయిన నెల సిస్టరమ్మ మట్టెవాడలో మా ఇంటికి వచ్చింది. ఎనభై దాటిన చర్చి మఠం మనిషి. చేతికర్ర పట్టుకుని ఆటో దిగి, గల్లీలో ఇల్లు అడుగుతూ ఒక్కతే వచ్చింది. నేను ఛాయ్ పెట్టి తెచ్చేసరికి కిటికీ దగ్గర నిలబడి గాలి పీలుస్తోంది. పక్కన కొత్తగా కడుతున్న ఇంటి దగ్గర ఒక ముసలి మేస్త్రీ ఇసుక కుప్ప మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. ఈ రోజుల్లో చుట్ట తాగే మనిషి కనబడడమే అరుదు. "మీ బాపు యాదికొస్తాండు సరోజనా" అంది సిస్టరమ్మ. "నాకు గూడ" అన్నాను. ఛాయ్ చల్లారేదాకా ఇద్దరం ఆ పొగనే చూస్తూ నిలబడ్డాం. పోయేటప్పుడు గడప దగ్గర ఆగి, "మనం ముగ్గురం దేశం గాని దేశం పొయ్యొచ్చింది నువ్వు రాయాలె బిడ్డా. నేను పోతే ఇగ ఎరుకున్నోళ్లు ఎవలుంటరు?" అంది. నేను చదివింది ఐదో తరగతి దాకానే. పేపరు చదువుతాను గానీ, ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చదివేవాళ్లే సర్దుకోవాలి.

మా ఇంట్లో జంపఖానాలు నేసేవాళ్లు. పెళ్లిళ్లకు, భజనలకు పదిమంది కూర్చోవడానికి నేల మీద పరిచే మందపాటి నూలు తివాచీలు అవి. ముందు గదంతా మగ్గమే. మిగిలిన చోట్లో మేం తినడం, పడుకోవడం. మగ్గం ముందు ఒక పొడుగు పలక ఉండేది, దాని మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడి వైపు బాపు, ఎడమ వైపు అవ్వ. మా దిక్కు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. ఎవరి సగం వాళ్లు నేసుకుంటూ వచ్చి నడుమ కలుస్తారు. పోగు వేసినాక పంజాతో కొట్టాలి. పంజా అంటే ఇనుప వేళ్లున్న దువ్వెన లాంటిది. పిడికిట్లో పట్టుకుని పోగును దిగగొడతారు. ఇద్దరి దెబ్బ ఒక్క తీరుగా పడాలి. ఒకరు గట్టిగా, ఒకరు మెల్లగా కొట్టారంటే ఒక సగం దిగిపోయి, ఒక సగం లేచి, పరిచినప్పుడు జంపఖానా ఎత్తుపల్లాలుగా ఉంటుంది. బాపు, అవ్వ కొడుతుంటే బయట నుంచి వినేవాళ్లకు ఒక్క మనిషే రెండు చేతులతో కొడుతున్నట్టు ఉండేది. నేను ఆ చప్పుడులోనే పెరిగాను. పగటి పూట నిద్రపోతే ఆ చప్పుడు ఆగినప్పుడే మెలకువ వచ్చేది.

చప్పుడు ఆగిందంటే చుట్ట వేళ అయిందని. ఇంట్లో అంతా నూలు కాబట్టి లోపల నిప్పు ముట్టించకూడదని అవ్వ కట్టడి. బాపు బయట అరుగు మీద కూర్చుని తాగేవాడు. ఆ చుట్టలు చేసేది అవ్వే. సంత నుంచి పొగాకు కట్ట తెచ్చి, నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి పెట్టేది. తెల్లారి ఆకు మెత్తబడ్డాక ఈనె తీసేసి, తొడ మీద పెట్టి అరచేత్తో దొర్లించేది. కొసకు దారం కట్టేది. మగ్గం మీద ఆ రోజు ఏ రంగు నూలుంటే ఆ దారమే. ఎర్ర దారం కట్టిన చుట్ట చూసి, ఇది ఫలానా వాళ్ల పెళ్లి జంపఖానా నేసినప్పటిదని బాపు చెప్పేవాడు. మా ఇంటి వాసన అంటే నాకు ఇప్పటికీ గంజి పెట్టిన నూలు, తడి పొగాకు, రంగు ఉడికించిన గోళెం, ఈ మూడూ కలిసిన వాసనే.

బాపు చుట్ట మొత్తం తాగేవాడు కాదు. సగం కాగానే ఎడమ పక్కన అరుగు అంచు మీద, నిప్పు వైపు బయటికి ఉండేలా పెట్టేవాడు. అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుని, ఆ సగం తీసుకుని తాగేది. ఇదిగో అని ఆయన ఇచ్చింది లేదు, ఇయ్యి అని ఈమె అడిగింది లేదు. ఎంగిలి అనే మాటే రాలేదు. పొద్దున ఎంత కొట్లాడుకున్నా సరే, సగం చుట్ట మాత్రం ఆ అంచు మీద ఉండేది. ఆమె వచ్చి తీసుకునేది.

నాకు పదిహేడో పద్దెనిమిదో ఏళ్లున్నప్పుడు అవ్వ పోయింది. వానల కాలంలో జ్వరం వచ్చింది. దవాఖానలో వేశాం. జ్వరం తగ్గిందన్నారు, మళ్లీ వచ్చింది, ఇంటికి తీసుకురాలేకపోయాం. బాపు ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని మా గల్లీ ఆడవాళ్లు అనుకున్నారు. ఆయన మాటే బంద్ అయింది. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి, ఒకటి తిని చెయ్యి కడిగేవాడు. నేను అవ్వ చేసినట్టే చేద్దామని ఎన్ని తంటాలు పడ్డానో. బాపు ముఖం చూస్తే ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా తెలిసేది కాదు. మగ్గం మీద ఎడమ వైపు నేను కూర్చున్నాను. నా చేతి దెబ్బ తేలిక. బాపు అవ్వకు తోడుగా కొట్టినట్టే బలంగా కొట్టేవాడు. నా సగం ఎప్పుడూ లేచే ఉండేది. ఆయన నా సగం విప్పేవాడు. నేను మళ్లీ నేసేదాన్ని, మళ్లీ లేచేది.

ఇంకొకటి కూడా ఉంది. అవ్వ చేసి పెట్టిన చుట్టలు ఒక పెద్ద అల్యూమినియం డబ్బా నిండా ఉన్నాయి. బాపు రోజుకు ఒకటి తీసేవాడు. సగం తాగి, ఎప్పటిలాగే ఎడమ పక్కన అరుగు అంచు మీద పెట్టేవాడు. అది అక్కడే కాలి కాలి ఆరిపోయేది. పొద్దున నేను అరుగు ఊడుస్తూ ఆ బూడిద, ఆ ముక్క ఎత్తిపోసేదాన్ని. డబ్బా మూత తీసినప్పుడల్లా ఎన్ని మిగిలాయో లెక్కబెట్టేదాన్ని. తిండి లేదు, మాట లేదు. ఈ చుట్టలు కూడా అయిపోయిన రోజు నాకు బాపు మిగులుతాడా అని భయం. నాకు వెనుకా ముందూ ఎవరూ లేరు.

అప్పుడు వచ్చింది సిస్టరమ్మ. తొర్రూరు దిక్కు పుట్టిన మనిషి, చిన్నప్పుడే మఠంలో చేరింది. వాళ్ల మిషన్ హాస్టలుకు జంపఖానాలు మా దగ్గరే తీసుకునేది. ఫిలిప్పీన్స్ అనే దేశంలో వాళ్ల మఠం వాళ్లు ఆడవాళ్లకు నేత కేంద్రం పెట్టారట. తనూ అక్కడ కొన్నేళ్లు ఉండి వాళ్ల భాష నేర్చుకుందట. అక్కడి వాళ్లు సన్న బట్ట నేస్తారు గానీ నేల మీద పరిచే మందపాటిది రాదు. మీ తండ్రీ బిడ్డలిద్దరూ నెల రోజులు వచ్చి నేర్పుతారా, ఖర్చంతా మఠం వాళ్లదే అని అడిగింది. బాపు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. అరుగు కింద నిలబడ్డ ఐలయ్య కాక, మా పక్కింటాయన, బాపు వైపు చూసి నవ్వాడు.

"సమ్మయ్య ఈ గల్లీ దాటి సంతకే పోతలేడు, సముద్రం దాటి పోతడా సిస్టరమ్మా? గాయినె కంటె మగ్గాన్ని తోలుకపో, అదన్న కదుల్తది."

"పోతం" అన్నాను నేను. అందరూ నా వైపు చూశారు. దేశం చూడాలని కాదు. అక్కడ మా అరుగు ఉండదు కదా అనుకున్నాను, అంతే.

బాపు రెండు ధోతులు, మూడు పంజాలు, అవ్వ పాత చీర ముక్కలో చుట్టిన చుట్టలు పెట్టుకున్నాడు. డబ్బాలో ఉన్నవన్నీ తెచ్చాడు, ఒక్కటి కూడా ఇంట్లో వదల్లేదు. నేను చింతకాయ తొక్కు, కారప్పొడి పెట్టుకున్నాను. అక్కడ విమానం దిగాక సంచులు చూసే అధికారి ఇనుప పంజా బయటికి తీసి అటూ ఇటూ తిప్పాడు. ఇది దేన్ని గోకడానికి అన్నట్టు చూశాడు. సిస్టరమ్మ ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత చీర మూట విప్పాడు. అప్పటిదాకా బొమ్మలా నిలబడ్డ బాపు ఒక్కసారి ముందుకు వచ్చి రెండు చేతులు మూట మీద పెట్టాడు. ఆ అధికారి ఒక చుట్ట తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూసి, మళ్లీ దాని చోట్లోనే జాగ్రత్తగా పెట్టి మూట కట్టి ఇచ్చాడు. ఏదో అన్నాడు. "వాళ్ల తాత గూడ తాగేటోడట" అంది సిస్టరమ్మ.

బస్సులో ఒక రోజంతా ఉత్తరం దిక్కు పోయాం. దిగిన ఊళ్లో రాళ్లు పరిచిన వీధులు, గుర్రపు బండ్లు, పెద్ద చర్చి. ఊరు దాటితే వరి పొలాలు, పొగాకు తోటలు. గుడిసెల్లో దండాలు కట్టి పొగాకు ఆరేసి ఉంది. బస్సు కిటికీలోంచి ఆ వాసన వచ్చినప్పుడు బాపు తల తిప్పి చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన తనంతట తాను ఒక దిక్కు చూడడం అదే. మఠంలో మాకు రెండు గదులు ఇచ్చారు. పెద్ద సిస్టరు చాలా మంచిది, కానీ మఠం గోడ లోపల పొగ తాగకూడదని ముందే చెప్పింది. గేటు బయట చెట్టు నీడన ఒక చెక్క బెంచీ ఉంది, అక్కడ తాగొచ్చు అంది. నేను దాన్ని చూశాను. అరుగు లేదనుకుని వచ్చాను, బెంచీ ఉంది.

ఆ బెంచీ మీద బాపు కంటే ముందే ఒకామె స్థిరపడి ఉంది. ఆమెను అందరూ అపో అనేవాళ్లు. వాళ్ల భాషలో పెద్దవాళ్లను మర్యాదగా అట్లా పిలుస్తారట. బాపు కంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. పొట్టి మనిషి, ముఖమంతా ముడతలు, పండ్లన్నీ నల్లగా ఉన్నాయి. నేత కేంద్రంలో అందరికంటే బాగా నేసేది ఆమే, వంటింట్లో పెత్తనం చేసేది కూడా ఆమే. చుట్ట తాగుతుందని పెద్ద సిస్టరు ఆమెను కూడా గేటు బయటికి తరిమింది. మొదటి రోజు బాపు వచ్చి బెంచీకి ఆ కొసన కూర్చుంటే ఆమె ఈ కొసన కూర్చుని తల ఊపింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఎవరి పొగ వాళ్లది.

తిండి సంగతి చెప్పాలి. వాళ్లదీ అన్నమే. మనలాగే కుండెడు వండుతారు. కూర పేరు పినక్బెట్ అన్నారు. మూత తీస్తే నాకు నవ్వొచ్చింది. కాకరకాయ, వంకాయ, బెండకాయ, అన్నీ మనవే, ఒక్క గిన్నెలో కలిసి ఉన్నాయి. ఉప్పులో ఊరబెట్టిన చిన్న చేపల ముద్ద వేసి ఉడికిస్తారు. ఆ వాసనకు మొదటి రోజు ముక్కు మూసుకున్నాను, మూడో రోజుకు నోట్లో నీళ్లూరాయి. పక్కన వెల్లుల్లి వేసిన పుల్లటి నీళ్లు పెడతారు, అందులో ఎండు చేప ముంచుకుని తింటారు. కొబ్బరి కలిపిన బియ్యప్పిండి అరటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించి తీపి చేస్తారు. సిస్టర్లు చెంచాలతో తినేవాళ్లు గానీ అపో చేత్తోనే కలుపుకుని తినేది. నా చింతకాయ తొక్కు ఆమెకు పెడితే కళ్లు పెద్దవి చేసి, సీసా తన పక్కకు జరుపుకుంది. నేను తింటున్నానని నాకే సిగ్గయ్యేది. ఎందుకంటే బాపు ఎదురుగా కూర్చుని, అన్నంలో వేలు పెట్టి, ఒక్క ముద్ద మింగి లేచేవాడు. అపో ఆయన కంచం వైపు చూసేది.

వాళ్ల వడ్రంగి మేం చెప్పినట్టు మగ్గం చేసి ఇచ్చాడు. ఆడవాళ్లంతా చుట్టూ నిలబడితే నేనూ బాపూ నేసి చూపించాలి. మళ్లీ అదే కథ. నా సగం లేచింది, ఆయన సగం దిగింది. ఆడవాళ్లు మర్యాదకు ఏమీ అనలేదు గానీ ఒక చిన్న పిల్ల వేలు పెట్టి ఆ వంకర మీద గీసింది. బాపు నా సగం విప్పడం మొదలుపెట్టాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తల వంచుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఇది జరిగింది. నేను గేటు లోపల గిన్నెలు కడుగుతున్నాను. బాపు బెంచీ మీద చుట్ట ముట్టించాడు. పచ్చ దారం కట్టిన చుట్ట. సగం అయింది. అలవాటుగా ఎడమ పక్కన, బెంచీ అంచు మీద, నిప్పు వైపు బయటికి పెట్టి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఎడమ పక్కన ఉన్నది అపో. ఆమె ఆ సగం చుట్ట వైపు చూసింది, బాపు వైపు చూసింది. తనకే పెట్టాడనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. తీసుకుంది. తీసుకుని ఊరుకుందా, దాన్ని తిప్పి నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది.

"ఓ అవ్వో! నిప్పు! నిప్పు నోట్లె పెట్టుకున్నవ్! కాల్తది, ఉమ్మెయ్, ఉమ్మెయ్!" అని బాపు బెంచీ మీద నుంచి ఎగిరి నిలబడ్డాడు. నా చేతిలో గిన్నె జారింది. అవ్వ పోయినాక బాపు గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. లోపలి నుంచి సిస్టరమ్మ ఉరికొచ్చింది. అపో మాత్రం హాయిగా ముక్కులో నుంచి పొగ వదిలి, చుట్ట బయటికి తీసి నిప్పు చూపించి, మళ్లీ నోట్లో పెట్టుకుని ఒళ్లు ఊగేలా నవ్వింది. అక్కడి ముసలాళ్లు అట్లాగే తాగుతారట. గాలికి చుట్ట ఆరదట, తొందరగా అయిపోదట. సిస్టరమ్మ కూడా నవ్వింది, నేనూ నవ్వాను.

బాపు నవ్వలేదు. ఆయనకు అప్పుడు తెలిసింది ఆమె నోట్లో ఉన్నది ఏ చుట్టో, ఎవరి సగమో. ముఖం మాడిపోయింది. గేటు దాటి లోపలికి పోయి, గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట తినలేదు. మర్నాడు మగ్గం దగ్గరికి రాలేదు, బెంచీ దగ్గరికీ రాలేదు. ఆ ఒక్క ముద్ద కూడా మానేశాడు. నేను సిస్టరమ్మ ముందు ఏడ్చాను. "మమ్మల్ని ఇంటికి పంపియ్యమ్మా. గీడ బాపు సచ్చిపోతడు" అన్నాను. అరుగు సంగతి, సగం చుట్ట సంగతి అప్పుడు చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

సిస్టరమ్మ పోయి అపోకు చెప్పింది. ఆమె బాధపడి క్షమించమని అడుగుతుందేమో అనుకున్నాను. ఆమె విని, కాసేపు తన మోకాళ్లు రాసుకుని, లేచి ఇంటికి పోయింది. ఆ తెల్లారి ఒక పొగాకు కట్ట సంకలో పెట్టుకుని వచ్చింది. నన్ను చెయ్యి పట్టి కూర్చోబెట్టి ఈనె తీయమంది. తను తొడ మీద పెట్టి దొర్లించింది. అచ్చం అవ్వ దొర్లించినట్టే, కాకపోతే ఈమెది నా మణికట్టంత లావు. దారం కట్టలేదు, నాలుకతో తడిపి అతికించింది. తర్వాత సిస్టరమ్మను వెంటబెట్టుకుని బాపు గది కిటికీ దగ్గర నిలబడి ఏదో పెద్దగా అంది. మళ్లీ అంది. మూడోసారి కిటికీ రెక్క మీద గుద్దింది.

"ఏమంటాంది సిస్టరమ్మా?" బాపు గొంతు, విసుగ్గా.

"అన్నా, కోపం జేసుకోకు, ఆమె అన్నది అన్నట్టు చెప్తాన. నీ చుట్ట నేను తాగిన, నా చుట్ట నువ్వు తాగు, లెక్క సాపు అంటాంది. లేకపోతె కిటికీల నుంచి పొగ పెడతనంటాంది."

పెద్ద సిస్టరు చూస్తే ఏమవుతుందోనని నాకు భయం. బాపు చాలాసేపటికి బయటికి వచ్చాడు. ముగ్గురం ఆయన వెనుక గేటు దాకా పోయాం. అపో బెంచీ మీద తన కొసన కూర్చుని చుట్ట ముట్టించి, ఈసారి మామూలుగానే తాగింది. సగం కాగానే బెంచీ అంచు మీద, బాపు పక్కన పెట్టింది. పెట్టి వీధిలోకి చూస్తూ కూర్చుంది. పొగ సన్నగా లేస్తోంది. బాపు దాన్ని చూస్తున్నాడు. ఆరిపోనిస్తాడేమో అనుకున్నాను. అపో తల తిప్పకుండానే నాలుగు మాటలు అంది. సిస్టరమ్మ మెల్లగా చెప్పింది:

"ఆమె మొగడు పొయ్యి పదేండ్లాయెనట. ఆమె గూడ రోజు ఒకటి ఎక్కువ చేసి పెట్టేదట. పోయినోళ్లు తాగరు, ఊకె ఆరిపోతది, పక్కనున్నోళ్లకన్న ఇయ్యాలె అంటాంది."

బాపు చెయ్యి చాపి తీసుకున్నాడు. ఏ కొస నోట్లో పెట్టుకోవాలో ఒకసారి చూసుకుని, పీల్చాడు. అంతే, దగ్గు. కళ్ల నుంచి నీళ్లు. దగ్గుకు వచ్చిన నీళ్లా, ఇంకా దేనికో వచ్చినవా నాకు తెలియదు. కానీ అవి ఆగలేదు. దగ్గు ఆగినాక కూడా ఆగలేదు. ధోతి కొసతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. అపో ఆయన వైపు చూడలేదు, ఓదార్చలేదు. పక్కన కూర్చుంది. చాలాసేపు అయినాక "నైమాస్?" అంది.

"రుచిగున్నదా అని అడుగుతాంది" అంది సిస్టరమ్మ.

బాపు ముక్కు తుడుచుకుని అన్నాడు: "నోట్లె నిప్పు పెట్టుకునే మనిషికి రుచి ఏం తెలుస్తదని అడుగు."

సిస్టరమ్మ ఆ మాట దాటించగానే అపో బెంచీ అదిరిపోయేలా నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి పోయి, కంచం నిండా అన్నం, కాకరకాయ కూర, ఒక ఎండు చేప పట్టుకుని వచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. నా తొక్కు సీసా కూడా తెచ్చింది. బాపు కలుపుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు, రెండోది తిన్నాడు. నేను ముద్దలు లెక్కబెట్టడం ఆపేశాను. కంచం అంచు వేలితో తుడిచి, నా వైపు చూసి, "ఇంక జర బువ్వ ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు. నేను వంటింటికి ఉరుకుతుంటే కాళ్లు నేల మీద లేవు.

మర్నాడు మగ్గం మీద కూర్చున్నాక నా సగం మళ్లీ లేచింది. విప్పుతాడనుకుని చెయ్యి తీసేశాను. ఆయన విప్పలేదు. తన సగం విప్పుకున్నాడు. "నేను మీ అవ్వ చేతికి కొట్టుకుంట వస్తాన ఇన్ని రోజులు. నీ చెయ్యి నీదే. నువ్వు కొట్టు బిడ్డా, నీ దెబ్బకు నేనొస్త" అన్నాడు. ఆ రోజు నుంచి బాపు మెల్లగా కొట్టాడు. నేను పోను పోను గట్టిగా కొట్టాను. నెల చివర దించిన జంపఖానా పరిస్తే చర్చి నేల లాగా సాపుగా ఉంది. అవ్వ చేసిన చుట్టలు మిగిలినన్ని రోజులు బాపు సగం తాగి అపోకు ఇచ్చేవాడు. ఆమె నోట్లో నిప్పు పెట్టుకున్నప్పుడల్లా తల కొట్టుకునేవాడు. ఆఖరి చుట్టను దాస్తాడేమో అనుకున్నాను, దాయలేదు. అది కూడా ఇద్దరూ సగం సగం తాగారు. ఆ చీర ముక్కను ఉతికి, మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

చుట్ట మంచిదని నేను రాయడం లేదు. తర్వాత చాలా ఏళ్లకు బాపును మంచాన పడేసిన దగ్గు దాని వల్లనే అని డాక్టరు చెప్పాడు. మా మనవళ్ల ముందు నేను ఆ మాట ఎత్తను కూడా ఎత్తను. ఇప్పుడు మా గల్లీలో పలక మీద ఇద్దరు కూర్చుని నేసే మగ్గాలు ఒకటో రెండో ఉన్నాయి. మిగతావన్నీ మిషన్లు. మిషన్ దెబ్బ ఎప్పుడూ ఒక్క తీరుగానే పడుతుంది. దానికి పక్కన మనిషి అక్కర్లేదు, పక్క మనిషి పోయినా దానికి తెలియదు. అది మంచిదే కావచ్చు, మోకాళ్ల నొప్పులైతే లేవు. దేశాలు తిరగడం కూడా ఇప్పుడు పెద్ద సంగతి కాదు. మా ఎదురింటి వాళ్లు పోయినేడు ఎక్కడికో పోయి వచ్చి, తిన్న ప్రతి కంచం ఫోన్‌లో చూపించారు. రంగురంగులుగా ఉన్నాయి. ఎవరితో కూర్చుని తిన్నారని అడిగితే ఎవరికీ యాదికి లేదు. నేను వాళ్లను తప్పు పట్టను. మేం పోయిన ఊరు ఫోటో నా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఆ కాకరకాయ కూర మాత్రం ఎన్నో సార్లు చేశాను, ఎండు రొయ్యలు వేసి. అపో చేతి రుచి ఒక్కసారి కూడా రాలేదు. అపో ఎప్పుడు పోయిందో మాకు తెలియదు. సిస్టరమ్మ రాయించిన ఉత్తరాలకు కొన్నాళ్లు జవాబు వచ్చేది, తర్వాత రాలేదు.

మేం తిరిగి వచ్చిన రోజు సాయంత్రం గల్లీకి గల్లీ మా అరుగు దగ్గర చేరింది. నేను లోపల పొయ్యి మీద అన్నం పెట్టి, తలుపు పక్కన కూర్చున్నాను. అక్కడ మాట్లాడినవాడు ఇక్కడికి వచ్చాక మళ్లీ నోరు తెరవని బాపు అవుతాడేమోనని నాకు లోపల గుబులు.

"ఏం సమ్మయ్యా, విమానం ఎట్లున్నదే?" అని ఐలయ్య కాక మొదలుపెట్టాడు.

"విమానం సంగతి ఇడిసిపెట్టు. గక్కడ ఒక ముసలామె ఉన్నది, నిప్పు నోట్లె పెట్టుకొని చుట్ట తాగుతది."

"అబద్ధం."

"నీ తోడు. నేను కాల్తదని మొత్తుకుంటే నన్నే జూసి నవ్వింది."

"మరి తిండి? కప్పలు గిట్ల పెట్టిండ్రా?"

"కాకరకాయ పెట్టిండ్రు. గక్కడ గూడ చేదే."

అందరూ ఘొల్లుమన్నారు. బాపు ఆగలేదు. గుర్రపు బండ్లు, చర్చి గంట, కిటికీ మీద గుద్దిన గుద్దు, అన్నీ చెబుతున్నాడు. కొంత ఎక్కువ చేసి కూడా చెబుతున్నాడు. నవ్వుల నడుమ ఎవరో ఆడమనిషి నోరు జారింది: "కొమురమ్మ ఉంటె నిన్ను ఇన్ని ముచ్చట్లు చెప్పనిచ్చేదా సమ్మయ్యా!" పక్కామె ఆమె మోచెయ్యి గిల్లింది. అవ్వ పేరు బాపు ముందు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. నేను గడప పట్టుకున్నాను.

"ఎందుకిస్తది? ఆమెనే చెప్పేది" అన్నాడు బాపు. "నాకంటె మంచిగ చెప్పేది." ధోతి సర్దుకుని కూర్చున్నాడు. "అయితె ఇనుండ్రి, తెల్లారి ఏమైందంటే..."

పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసన వచ్చింది. నేను లేవలేదు.